ఫిలిప్పీన్స్‌లో ఫుట్‌బాల్‌ను వృత్తిగా ఎంచుకునే కుర్రాడికి: పన్నెండేళ్ల నుంచి తొలి కాంట్రాక్టు దాకా

ఫిలిప్పీన్స్‌లో ఏ బరంగాయ్‌కి (ఊరిలోని అతి చిన్న పాలనా విభాగం) వెళ్లినా బాస్కెట్‌బాల్ రింగు కనిపిస్తుంది. ఫుట్‌బాల్ మైదానం మాత్రం వెతుక్కోవాల్సిందే. ఈ ఆటకు అక్కడ చరిత్ర లేదనుకుంటే పొరపాటు. జాతీయ సమాఖ్య పీఎఫ్‌ఎఫ్ 1907లోనే పుట్టింది. ఇలోయిలోలో పుట్టిన పాలినో అల్కాంతరా 1912లో, పదిహేనేళ్ల వయసులో, బార్సిలోనా తరఫున బరిలోకి దిగాడు. ఆట పాతదే. దాన్ని వృత్తిగా మార్చుకునే దారి మాత్రం ఇప్పటికీ ఇరుకే. జాతీయ స్థాయి లీగ్ పీఎఫ్‌ఎల్ మొదలైంది 2017లో, అంతకుముందున్న యూఎఫ్‌ఎల్ స్థానంలో. అందుకే ఇక్కడ ప్రతిభ ఉన్న కుర్రాడు వెనకబడ్డాడంటే చాలాసార్లు కారణం ఆట రాకపోవడం కాదు. ఆడే అవకాశం లేని జట్టులో ఏళ్లు గడిపేయడమో, చదవకుండా సంతకం పెట్టడమో, కాగితాలు సరిగ్గా లేకపోవడమో అయి ఉంటుంది. ఈ మూడింటినీ ముందే సరిచూసుకోవచ్చు.

కాగితాలు ముందు, బూట్లు తర్వాత

పిల్లవాడికి పన్నెండేళ్లు వచ్చే ఏడాది నుంచి అతను ఏ క్లబ్‌కు, ఏ స్కూలుకు ఆడినా ఆ ప్రాంతీయ ఫుట్‌బాల్ సంఘం ద్వారా పీఎఫ్‌ఎఫ్‌లో పేరు నమోదై ఉండాలి. ఆ వయసే ఎందుకంటే, ఫిఫా శిక్షణ పరిహారం లెక్క పన్నెండో పుట్టినరోజు వచ్చే ఏడాది నుంచే మొదలవుతుంది. రేపు ఆ కుర్రాడు విదేశీ క్లబ్‌లో ప్రొఫెషనల్‌గా చేరితే, 12 నుంచి 21 ఏళ్ల మధ్య అతన్ని తయారు చేసిన క్లబ్‌లకు డబ్బు రావాలి. ఆ తర్వాత బదిలీ రుసుము చెల్లించి ఇంకో దేశపు క్లబ్ కొనుక్కుంటే, అందులో 5 శాతం అతను 12 నుంచి 23 ఏళ్ల మధ్య ఆడిన క్లబ్‌లకు పంచాలి. నమోదు లేని ఏడాదికి పైసా రాదు. చిన్న ఊరి క్లబ్‌కు ఆ సొమ్ముతో నాలుగేళ్లు బంతులు, నెట్లు కొనుక్కోవచ్చు. కాబట్టి నమోదు చేసుకున్నారా అని కోచ్‌ను అడగడానికి తల్లిదండ్రులు మొహమాటపడకూడదు.

జనన ధ్రువపత్రం ప్రభుత్వ గణాంక సంస్థ పీఎస్‌ఏ జారీ చేసిన ప్రతే అయి ఉండాలి. ఇందులో ఎక్కువగా తేడా వచ్చేది పేరు దగ్గరే. ఫిలిప్పినో పేర్లలో మధ్య పేరుగా తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. స్కూలు రికార్డులో అది పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, టోర్నమెంటు ఫారంలో అసలే లేకుండా ఉంటే ఒకే మనిషికి మూడు రికార్డులు తయారవుతాయి. పేరు చివర ‘జూనియర్’ ఉన్న పిల్లల విషయంలో తండ్రి రికార్డుతోనూ కలిసిపోవచ్చు. పదమూడేళ్ల వయసులో ఇది ఒక్కరోజు పని, పంతొమ్మిదేళ్లప్పుడు బదిలీ గడువు ముంచుకొచ్చినప్పుడు నెలల పని. వయసు దిద్దే ఆలోచన ఎవరైనా పెడితే అక్కడే తుంచేయండి. అండర్-17 స్థాయి అంతర్జాతీయ పోటీల్లో మణికట్టుకు ఎంఆర్‌ఐ తీసి ఎముక ఎదుగుదల చూస్తారు.

ఎవరి కంట పడాలి

ఆటగాళ్లను తయారు చేసే ఊళ్లలో మొదట చెప్పాల్సింది ఇలోయిలో రాష్ట్రంలోని బరోతాక్ నువేవో. దాన్ని దేశపు ఫుట్‌బాల్ రాజధాని అని పిలుస్తారు. తర్వాత బకొలోద్, సెబూ, దావావో, మెట్రో మనీలా. బయట ప్రాంతాల పిల్లలకు స్కూలు దారే పెద్ద దారి. ముందు స్కూలు, డివిజన్, ప్రాంతం స్థాయి పోటీలు, ఆ పైన విద్యాశాఖ నిర్వహించే జాతీయ స్కూలు క్రీడలు పలారొంగ్ పంబన్సా. అక్కడికి యూనివర్సిటీ కోచ్‌లు స్కౌటింగ్‌కు వస్తారు. మనీలాలో అయితే హైస్కూలు స్థాయిలో ఎఫ్‌ఈయూ-దిలిమాన్ అనే స్కూలు ఏళ్ల తరబడి పైచేయిగా ఉంది. ముంతిన్లుపాలోని అలాబాంగ్‌లో వీధి బాలల ఆశ్రమంగా మొదలైన తులోయ్ నుంచి కూడా జాతీయ జట్ల దాకా వెళ్లినవాళ్లున్నారు. ఫీజు కట్టలేని ఇంటి పిల్లవాడికి ఇలాంటి చోటు దొరికితే వదులుకోకూడదు.

ట్రయల్‌కు వెళ్లేటప్పుడు ఒకే స్థానం చెప్పాలి. ‘ఎక్కడైనా ఆడతాను’ అంటే కోచ్‌కు ఆ మాట వినయంగా వినిపించదు, ఇతనికి తన ఆట ఏదో ఇంకా తెలియదనిపిస్తుంది. రెండో స్థానం అడిగితే అప్పుడు చెప్పొచ్చు. వీడియో మూడు, నాలుగు నిమిషాలకు మించకూడదు. ప్రతి ముక్కలో బంతి అందకముందు మూడు సెకన్లు ఉంచండి, ఎందుకంటే చూసేవాళ్లకు కావలసింది అతను బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూశాడా లేదా అన్నది. ముక్క మొదట్లో కుర్రాడి చుట్టూ గుండ్రం గీయాలి. పాట పెట్టకండి. గోల్స్‌తో పాటు బంతి పోగొట్టుకున్నాక వెనక్కి పరిగెత్తిన రెండు ఘట్టాలు పెట్టాలి. కింద పూర్తి మ్యాచ్‌లు రెండింటి లింకులు ఇవ్వాలి, అందులో ఒకటి ఓడిపోయిన మ్యాచ్ అయితే ఇంకా మంచిది.

పదిహేను నుంచి పద్దెనిమిది: శరీరం

బాగా ఆడే పిల్లవాడిని అందరూ పిలుస్తారు. స్కూలు జట్టు, క్లబ్, ఫియెస్తా టోర్నమెంటు, వారాంతంలో ఏడుగురేసి ఆడే సెవెన్స్. వారంలో ఎన్ని నిమిషాల మ్యాచ్ ఆడాడో లెక్క ఎవరి దగ్గరా ఉండదు, ఎందుకంటే ఏ కోచ్‌కీ రెండో కోచ్ సంగతి తెలియదు. ఆ లెక్క ఇంట్లో ఉండాలి. చిన్న నోటుపుస్తకంలో రోజూ ఎన్ని నిమిషాలు ఆడాడు, ఒకటి నుంచి పది దాకా ఎంత కష్టంగా అనిపించింది అని రాసి, రెండింటినీ గుణించండి. 90 నిమిషాల మ్యాచ్‌కు 8 వేస్తే 720. వారం మొత్తం కూడి, గత నాలుగు వారాల సగటుతో పోల్చండి. ఒక్కసారిగా ఒకటిన్నర రెట్లు దాటితే మరుసటి వారం ఒక టోర్నమెంటు మానేయాలి. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి, నొక్కితే నొప్పి పుడుతుంటే అది ఎదిగే వయసులో భారం ఎక్కువై వచ్చేది. నొప్పిమాత్ర వేసి ఆడించకండి, గెంతడం, పరుగు తగ్గించండి.

వార్మప్ కోసం ఫిఫా 11+ చాలు. మొత్తం 20 నిమిషాలు: 8 నిమిషాలు తేలికపాటి పరుగు, 10 నిమిషాలు బలం, గెంతు, నిలకడ, చివర 2 నిమిషాలు వేగమైన పరుగు. జట్లు ఎప్పుడూ కుదించేది మధ్యలోని పది నిమిషాలనే. గాయాలను తగ్గించేది కూడా ఆ పదే. తొడ వెనక కండరానికి చేసే నార్డిక్ వ్యాయామం అందులోనే ఉంది, మొదట్లో 3 నుంచి 5 సార్లు చాలు. మొదటి వారమే పన్నెండు చేయిస్తే రెండ్రోజులు నడవలేడు, ఆ తర్వాత ఆ వ్యాయామమే మానేస్తాడు.

ఉక్కపోత సంగతి వేరే చెప్పాలి. మధ్యాహ్నపు మ్యాచ్‌కు ముందు, తర్వాత బరువు చూడండి. 60 కిలోల కుర్రాడు 1.2 కిలోలు తగ్గాడంటే 2 శాతం పోయినట్టు, చివరి ఇరవై నిమిషాల్లో అతని పరుగు, నిర్ణయాలు రెండూ మందగిస్తాయి. తగ్గిన ప్రతి కిలోకు ఒకటిన్నర లీటర్ల చొప్పున, అంటే ఇక్కడ 1.8 లీటర్లు, తర్వాతి నాలుగైదు గంటల్లో కొద్దికొద్దిగా తాగాలి. వట్టి నీళ్లే తాగితే ఉప్పు తిరిగి రాదు, ఒక లీటరైనా ఓఆర్‌ఎస్ కలిపినది ఉండాలి. జెర్సీ మీద తెల్లటి ఉప్పు చారలు పడే పిల్లలకు ఇది మరీ ముఖ్యం.

జూన్ నుంచి నవంబరు దాకా వానలు, తుఫానులు. వరద నీళ్లు నిలిచిన మైదానంలో కాళ్ల మీద గీతలు, పుండ్లు ఉన్నవాళ్లు ఆడకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఆడిన తర్వాత వారం, రెండు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ఆరోగ్య కేంద్రంలో నీళ్లలో ఆడిన సంగతి చెప్పాలి. చెప్పకపోతే డెంగీ అనుకుని ఆ ఒక్క పరీక్ష చేసి పంపేయవచ్చు.

పద్దెనిమిదో ఏట: యూనివర్సిటీనా, క్లబ్బా

అన్నిటికంటే బరువైన నిర్ణయం ఇదే. మనీలా యూనివర్సిటీల క్రీడా సంఘం యూఏఏపీ నడిపే ఫుట్‌బాల్ పోటీలో, పురుషుల విభాగంలో ఎనిమిది జట్లు రెండేసి సార్లు తలపడతాయి, అంటే ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు, ఆపైన నాలుగు జట్ల నాకౌట్. ప్రతి నిమిషం ఆడినా లీగ్ దశలో 1,260 నిమిషాలు. స్కాలర్‌షిప్, వసతి, భోజనం, డిగ్రీ దొరుకుతాయి గానీ పద్దెనిమిదేళ్ల కుర్రాడి ఎదుగుదలకు ఆ మ్యాచ్‌లు చాలవు. పీఎఫ్‌ఎల్‌లో జీతం, పెద్దవాళ్లతో పోటీ ఉంటాయి, కానీ బెంచ్ మీదే సీజన్ అంతా గడిచిపోవచ్చు.

మా సలహా: క్లబ్ పేరు కాదు, కిందటి సీజన్ జట్టు జాబితాలు చూడండి. ఇరవై ఒకటి లోపు వాళ్లు ఎంతమంది, ఒక్కొక్కరు ఎన్ని నిమిషాలు ఆడారు, మీ కుర్రాడి స్థానంలో ఎవరున్నారు, వాళ్ల వయసెంత అన్నది గంటసేపు కూర్చుంటే తేలుతుంది. ఆ స్థానంలో 24 ఏళ్ల విదేశీ ఆటగాడు రెండేళ్ల కాంట్రాక్టుతో ఉంటే కోచ్ ఎంత తియ్యగా మాట్లాడినా నమ్మకండి. ఆడే అవకాశం ఖాయంగా కనిపించకపోతే యూనివర్సిటీయే మేలు. గాయమైనా డిగ్రీ మిగులుతుంది.

యూనివర్సిటీ వైపు వెళ్లేవాళ్లు రిపబ్లిక్ చట్టం 10676 గురించి తెలుసుకోవాలి. 2015లో వచ్చిన ఈ చట్టం ప్రకారం హైస్కూలు నుంచి వేరే యూనివర్సిటీకి వెళ్లే క్రీడాకారుడిని ‘రెసిడెన్సీ’ పేరుతో ఏడాది కూర్చోబెట్టకూడదు. కాలేజీ నుంచి కాలేజీకి మారితే మాత్రం గరిష్ఠంగా ఏడాది ఆపవచ్చు. అంటే మొదటి ఎంపికను సరిగ్గా చేసుకోవాలి, తర్వాత మారితే ఒక సీజన్ పోతుంది.

యూనివర్సిటీకీ క్లబ్‌కూ ఆడుతూ రెండు పడవల మీద కాళ్లు పెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. ఫిఫా లెక్కలో రాతపూర్వక కాంట్రాక్టు ఉండి, ఆటకయ్యే ఖర్చుల కంటే ఎక్కువ డబ్బు తీసుకుంటే అతను ప్రొఫెషనలే. కాగితం మీద దాన్ని ‘అలవెన్స్’ అని రాసినా అంతే. ఫిలిప్పీన్స్‌లో ప్రొఫెషనల్ ఆటలను పర్యవేక్షించే గేమ్స్ అండ్ అమ్యూజ్‌మెంట్స్ బోర్డు, గ్యాబ్, ప్రొఫెషనల్స్‌కు లైసెన్సు ఇస్తుంది. ప్రొఫెషనల్ లీగ్‌లో ఆడే అమెచ్యూర్లకు స్పెషల్ గెస్ట్ లైసెన్సు అని వేరే ఉంది. క్లబ్ ఇచ్చిన ఫారం మీద ఈ రెండింటిలో ఏది రాసి ఉందో చూసి, యూనివర్సిటీ క్రీడా విభాగం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే సంతకం పెట్టాలి. నోటిమాట చెల్లదు.

కాంట్రాక్టు చదివే పద్ధతి

కాగితం చేతికి వచ్చిన రోజే సంతకం అడిగితే ఇంటికి తెచ్చుకుంటానని చెప్పండి. పద్దెనిమిది నిండనివాళ్ల కాంట్రాక్టు మూడేళ్లకు మించకూడదు, నిండినవాళ్లకు గరిష్ఠం ఐదేళ్లు. మైనర్ అయితే తల్లిదండ్రుల సంతకం కూడా ఉండాలి. ‘వైద్య పరీక్షలో పాసైతేనే చెల్లుతుంది’ అనే షరతును ఫిఫా ఒప్పుకోదు. పరీక్ష చేయించుకోవాలనుకుంటే క్లబ్ సంతకానికి ముందే చేయించాలి.

తర్వాత చూడాల్సింది జీతం నెలకా, ‘సీజన్‌కు’ అని ఉందా అన్నది. సీజన్ అని రాస్తే లీగ్ వాయిదా పడ్డప్పుడు డబ్బూ వాయిదా పడుతుంది. ఏ తేదీన, ఏ ఖాతాలో, పన్ను కోసిన తర్వాతా ముందా అన్నది అంకెల్లో ఉండాలి. గాయమైతే శస్త్రచికిత్స, ఫిజియో ఖర్చు ఎవరిది, ఆ నెలల జీతం వస్తుందా అన్నదానికి ఒక వాక్యం తప్పక ఉండాలి. మోకాలి ముందరి లిగమెంటు (ఏసీఎల్) తెగితే తిరిగి ఆడటానికి తొమ్మిది నెలలైనా పడుతుంది, ఏడాది కాంట్రాక్టు అప్పటికి దాదాపు అయిపోతుంది. వసతి ఇస్తామంటే గదికి ఎంతమంది, కరెంటు బిల్లు ఎవరిది అని రాయించుకోండి.

క్లబ్ చేతులు మారితే ఏమవుతుందన్న వాక్యం ఫిలిప్పీన్స్‌లో లాంఛనం కాదు. 2017, 2018, 2019లో వరుసగా పీఎఫ్‌ఎల్ గెలిచిన సెరెస్-నెగ్రోస్ కూడా మహమ్మారి దెబ్బకు 2020లో చేతులు మారి యునైటెడ్ సిటీ అయింది. ఛాంపియన్ క్లబ్‌కే అలా జరిగితే మిగతావాటి సంగతి చెప్పక్కర్లేదు. కొత్త యజమాని పాత బకాయిలన్నిటికీ బాధ్యుడని స్పష్టంగా ఉండాలి.

జీతం ఆగితే ఏం చేయాలో కూడా అందులోనే ఉండాలి. అంతర్జాతీయ వివాదాల్లో ఫిఫా పద్ధతి ఇది: కనీసం రెండు నెలల జీతం బకాయి పడితే ఆటగాడు క్లబ్‌కు రాతపూర్వక నోటీసు ఇచ్చి 15 రోజుల గడువు పెడతాడు, అప్పటికీ కట్టకపోతే న్యాయమైన కారణంతో బయటికి రావచ్చు. ఫిలిప్పినో ఆటగాడికి, ఫిలిప్పీన్స్ క్లబ్‌కు మధ్య గొడవ దేశంలోనే తేలాలి కాబట్టి ఇదే వాక్యాన్ని కాంట్రాక్టులో రాయించుకోవాలి. నోటీసు చిన్నదే: ఏయే నెలల జీతం, ఒక్కోటి ఎన్ని పెసోలు, ఏ తేదీకి రావాలి, ఖాతా నంబరు, గడువు ముగిసే తేదీ. ఈమెయిల్‌లో పంపి, రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపాలి. కోపంతో ఆ పదిహేను రోజులు ప్రాక్టీసుకు వెళ్లడం మానేస్తే తప్పు ఆటగాడి మీదకు మళ్లుతుంది. రోజూ వెళ్లాలి, వెళ్లినట్టు ఆధారం ఉంచుకోవాలి.

జాతీయ పిలుపు గురించీ రాయించుకోవాలి. జాతీయ జట్ల మ్యాచ్‌ల కోసం ఫిఫా క్యాలెండర్‌లో కేటాయించిన రోజుల్లో సీనియర్ జట్టుకు ఆటగాడిని క్లబ్ వదలక తప్పదు. ఆగ్నేయాసియా దేశాల క్రీడలు, సీ గేమ్స్, ఆ క్యాలెండర్‌లో లేవు, కాబట్టి వదలకపోయినా క్లబ్‌ను ఏమీ అనలేం. కుర్రాడి పేరు నలుగురికీ తెలిసేది అలాంటి పోటీల్లోనే కాబట్టి ‘అండర్-23, అంతకు కింది జాతీయ జట్లకు కూడా విడుదల చేయాలి’ అన్న ఒక్క లైను ఎంతో పనికొస్తుంది. సీనియర్ జట్టుతో ఉండగా గాయమై 28 రోజులకు మించి ఆడలేకపోతే ఫిఫా క్లబ్‌కు జీతం పరిహారంగా ఇస్తుంది, యువ జట్లకు అది వర్తించదు. క్లబ్‌లు వెనకాడేది ఇందుకే. జాతీయ సమాఖ్య బీమా ఉందేమో అడిగి చూపిస్తే వాళ్లు మెత్తబడతారు.

పన్నుల సంగతి మొదటి నెలలోనే తేల్చుకోవాలి. క్లబ్ ఉద్యోగిగా చూస్తే ఏడాది చివర జీతం, కోసిన పన్ను చూపే 2316 ఫారం ఇస్తుంది. స్వతంత్ర కాంట్రాక్టర్‌గా చూస్తే 2307 ఇస్తుంది, అప్పుడు పన్నుల శాఖ బీఐఆర్‌లో నమోదు, రిటర్నులు, ఎస్‌ఎస్‌ఎస్ (సామాజిక భద్రత), ఫిల్‌హెల్త్ (ఆరోగ్య బీమా), పాగ్-ఇబిగ్ (గృహ పొదుపు నిధి) చందాలన్నీ కుర్రాడి నెత్తినే. ఏడాదికి 2,50,000 పెసోల దాకా పన్ను లేదు కదా అని రిటర్ను వేయకపోతే జరిమానా పడుతుంది.

ఏజెంటు, విదేశం

ఫిఫా లైసెన్సు లేని మనిషి ఏజెంటు కాడు. లైసెన్సు ఉందో లేదో ఫిఫా వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. ప్రాతినిధ్య ఒప్పందం రెండేళ్లకు మించకూడదు. మైనర్‌ను సంప్రదించాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి, అదీ ఆ దేశంలో తొలి ప్రొఫెషనల్ కాంట్రాక్టు వయసుకు ఆరు నెలల ముందు నుంచే. ‘యూరప్‌లో ట్రయల్, టికెట్, వీసాకు ముందుగా డబ్బు కట్టండి’ అన్నవాడికి పైసా ఇవ్వకండి. నిజంగా కావాలనుకున్న క్లబ్ తన లెటర్‌హెడ్ మీద ఆహ్వానం పంపుతుంది. ఆ లేఖ వచ్చాక క్లబ్ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి, లేఖ మీద ఉన్న నంబరుకు కాదు.

పద్దెనిమిది నిండేదాకా అంతర్జాతీయ బదిలీ సాధారణంగా కుదరదు. ఉన్న మినహాయింపుల్లో ఫిలిప్పినో కుటుంబాలకు ఎక్కువగా వర్తించేది ఒకటి: ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో తల్లిదండ్రులు ఆ దేశానికి మారడం. కొడుకును అకాడమీలో చేర్చడానికే తల్లి అక్కడ ఉద్యోగం వెతుక్కుంటే అది చెల్లదు. మైనర్ తల్లిదండ్రులు లేకుండా విదేశీ టోర్నమెంటుకు వెళ్లాలంటే సాంఘిక సంక్షేమ శాఖ డీఎస్‌డబ్ల్యూడీ ప్రయాణ అనుమతి కావాలి, దానికి కనీసం కొన్ని వారాల ముందే దరఖాస్తు పెట్టండి.

పద్దెనిమిది నిండాక థాయ్‌లాండ్, మలేసియా లీగ్‌లు దగ్గరి మెట్టు. అక్కడ ఆసియాన్ (ఆగ్నేయాసియా) దేశాల ఆటగాళ్లకు కేటాయించిన స్థానాలు కలిసొస్తాయి. కానీ ఆ స్థానానికి వియత్నాం, ఇండోనేసియా ఆటగాళ్లూ పోటీ పడతారు, పైగా యూరప్ అకాడమీల్లో పెరిగిన ఫిలిప్పినో సంతతి కుర్రాళ్లూ ఉంటారు. 2018లో కార్డిఫ్ తరఫున ప్రీమియర్ లీగ్ ఆడిన గోల్‌కీపర్ నీల్ ఎథెరిడ్జ్ చెల్సీ అకాడమీలో పెరిగినవాడే. వాళ్లతో తేడా ఎక్కువగా మొదటి టచ్‌లో, ఒత్తిడిలో ఎంత త్వరగా బంతి వదులుతాడన్నదానిలో కనిపిస్తుంది. ఇంటి దగ్గర పెరిగిన కుర్రాడు దాని మీదే పని చేయాలి: రోజూ ఇరవై నిమిషాలు గోడకు బంతి కొడుతూ, అది తిరిగి వచ్చేలోపు వెనక్కి చూసి, రెండు టచ్‌లలోపే రెండో కాలితో పంపడం.

సంతకం అయ్యాక రెండు వేరు వేరు దారుల్లో పని నడుస్తుంది, రెండూ ఒకేసారి మొదలుపెట్టాలి. ఆట వైపు పీఎఫ్‌ఎఫ్ నుంచి అంతర్జాతీయ బదిలీ ధ్రువపత్రం ఫిఫా వ్యవస్థ ద్వారా వెళ్లాలి. అది కొత్త క్లబ్ కోరిక మీద ఆ దేశపు సమాఖ్య అడగాలి, బదిలీ గడువులోపే అడగాలి. ప్రభుత్వం వైపు, పని వీసాపై వెళ్లే ఫిలిప్పినోకు వలస కార్మికుల శాఖ డీఎండబ్ల్యూ ఇచ్చే ఓఈసీ, అంటే విదేశీ ఉద్యోగ ధ్రువపత్రం, కావాలి. అంతకుముందు వెళ్లే దేశంలో ఉన్న ఆ శాఖ మైగ్రెంట్ వర్కర్స్ ఆఫీసు కాంట్రాక్టును సరిచూసి ముద్ర వేయాలి. ఇది లేకుండా మనీలా విమానాశ్రయానికి వెళితే ఇమిగ్రేషన్ దగ్గరే ఆపేస్తారు. పర్యాటకుడిగా వెళ్లి అక్కడ వీసా మార్చుకోమని క్లబ్ చెబితే ఒప్పుకోవద్దు. అలా వెళ్లినవాడికి జీతం ఆగినా, గాయమైనా అడగడానికి ఆధారం ఉండదు. కాంట్రాక్టు అసలు ప్రతి, పాస్‌పోర్టు, ఓఈసీ, వైద్య రికార్డుల స్కాన్లు ఇంట్లో ఒకరి దగ్గర ఉంచి బయలుదేరాలి.